పొగ ఎటు పోవాలి

సీతారావమ్మకు పుట్టుకతో వచ్చిన జబ్బు ఒకటుండేది. ఏ వస్తువును చూసినా ఇది ఇలాగే ఎందుకుంది, ఇంకోలా ఉంటే ఏమవుతుంది అని అడక్కుండా ఉండలేదు. కాపురానికొచ్చిన కొత్తలో అత్తగారి ట్రంకుపెట్టె తాళంకప్పను ఊడదీసి నేలమీద పరిచింది. పెట్టెలో ఏముందోనని కాదు, తాళంలో ఏముందోనని. దొంగతనమైతే అత్తగారు క్షమించేదేమో. ఆ తాళం మళ్ళీ బిగుసుకోలేదు. పాపం ఆవిడ బతికినన్నాళ్ళూ ఆ పెట్టెకు కొబ్బరితాడే గతి అయింది.

ఆమె భర్త వెంకటరామారావు వాళ్ళది గుంటూరు వైపు. మామగారి కాలంలోనే వలస వచ్చి దుమ్ముగూడెం దారిలో, అడవి అంచున స్థిరపడ్డారు. పొగాకు వేసేవాళ్ళు. చేను పక్కనే ఆకు కాల్చే బ్యారన్ ఉండేది. బ్యారన్ అంటే కిటికీల్లేని పొడుగాటి గది. పుల్లలకు కట్టిన పచ్చాకును లోపల వరసలుగా వేలాడదీసి, బయట పొయ్యి రాజేస్తారు. పొయ్యిలోంచి రేకు గొట్టాలు గది నేలమీదుగా చుట్టూ తిరిగి వెనక గోడలోంచి బయటికి పోతాయి. వేడి లోపలే ఉండిపోవాలి, పొగ మాత్రం చుక్కయినా ఆకుకు తగలకూడదు. తగిలిందా, రంగు చెడుతుంది, వాసన పడుతుంది, కొనేవాడు మూతి తిప్పుకుని పోతాడు. గొట్టం కన్నం పడితే వెంకటరామారావు ఇల్లు అంటుకున్నట్టు పరిగెత్తేవాడు. అలాంటి ఇంట్లో పొగ అంటే పగవాడే. పొగతో ఎవరికైనా ఒక ఉపయోగం ఉంటుందని సీతారావమ్మకు కలలో కూడా తట్టలేదంటే తప్పు పూర్తిగా ఆమెది కాదు.

ఆకు కట్టడానికి వాగు అవతలి కోయగూడెం నుంచి ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. వాళ్ళలో భీమక్క అంటే సీతారావమ్మకు ప్రాణం. వయసులో పదేళ్ళు పెద్ద, మాటలో పొదుపరి. మిగతావాళ్ళు సీతారావమ్మ ప్రశ్నలకు ముసిముసిగా నవ్వుకుంటే భీమక్క మాత్రం పని చేస్తూనే జవాబు చెప్పేది. ఏ తీగ ఎండితే బిగుస్తుంది, ఏది తెగుతుంది, వెదురును వెన్నెల రోజుల్లో ఎందుకు నరకరు, అన్నీ. ఒక్కోసారి తెలియదని కూడా చెప్పేది. తెలియదని చెప్పే మనిషి దొరకడం ఎంత అదృష్టమో ప్రశ్నలడిగేవాళ్ళకే తెలుస్తుంది.

ఎనభై మూడు చలికాలంలో ఆ భీమక్క దగ్గు ముదిరింది. ఆకు కడుతూ కడుతూ వంగిపోయి గుండె పట్టుకునేది. సీతారావమ్మ ఊరుకోలేక ఆమెను బస్సెక్కించి భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయింది. డాక్టరు వీపుమీద గొట్టం పెట్టి చూసి, వంట ఎక్కడ చేస్తావని అడిగి, ఊపిరితిత్తుల నిండా పొగేనన్నాడు. మందు రాశాడు కానీ పొయ్యి దగ్గర కూర్చుంటే ఏ మందూ పనిచేయదని చెప్పాడు. తిరుగు బస్సులో పర్ణశాల యాత్రికుల మధ్య ఇరుక్కుని కూర్చున్నప్పుడు భీమక్క ఒక్క మాట అడిగింది.

"పొయ్యికాడికి పోకుంటే బువ్వ ఏడికెల్లి వస్తదమ్మా?"

భీమక్క మొగుడు ఎప్పుడో పోయాడు, ఉన్నది కొడుకు జంపయ్య ఒక్కడు. ఇద్దరికీ ఆమే వండాలి. సీతారావమ్మకు ఏడుపొచ్చింది. దాని వెనకే, అలవాటు కొద్దీ, ప్రశ్న కూడా వచ్చింది. బ్యారన్‌లో అంత మంట పెట్టి పొగను ఆకుకు తగలకుండా బయటికి పంపుతున్నాం కదా, వంటింట్లో ఎందుకు పంపలేం?

మర్నాడే పెరట్లో పుట్టమన్ను తడిపి జానెడెత్తు పొయ్యి ఒకటి చేసింది. ఆముదపాకు బోలు కాడను ముక్కలుగా కోసి దాని వెనక గొట్టంలా గుచ్చింది. లోపల అగరువత్తి వెలిగించి పెడితే పొగ బుద్ధిగా కాడలోంచి పైకి పోయింది. ఆమె ఆనందం చూడాలి. వెంకటరామారావు చుట్ట పట్టుకుని వచ్చి, ఈ వయసులో లక్కపిడతల ఆటేంటే, వంట ఎప్పటికవుతుంది అని ఎగతాళి చేశాడు. ఆమె పట్టించుకోలేదు. అసలు పొయ్యి కట్టేయడానికి ఇటుకలు కూడా తెప్పించేసింది.

అయితే అగరువత్తి పొగ పెళ్ళిచూపుల నాటి కోడలు లాంటిది, చెప్పినట్టు వింటుంది. కట్టెల పొగ అలా కాదు. పశువుల కొట్టంలో ఇటుకలు పేర్చి, బ్యారన్ నుంచి పాత గొట్టం తెచ్చి తగిలించి నిజం మంట పెట్టేసరికి పొగంతా పొయ్యి నోట్లోంచే తిరిగి ఆమె మొహం మీదికి వచ్చింది. గేదెలు పలుపులు తెంపుకున్నాయి. పొమ్మనలేక పొగబెడుతున్నావా అని మొగుడు మళ్ళీ నవ్వాడు.

చిన్న బొమ్మ ఒక సంగతి చెబుతుంది, పెద్ద బొమ్మ ఇంకో సంగతి చెబుతుంది, ఒకటి చెప్పిందని రెండోదాన్ని అడక్కుండా ఉండకూడదని ఆమెకు అప్పుడు తెలిసింది. అందుకే ఇటుకలకు సున్నం పెట్టలేదు. ఉత్త బురదతోనే అతికించింది, నచ్చకపోతే ఊడదీయడానికి వీలుగా. గొట్టం పొడుగు పెంచింది. లోపల అడ్డంగా ఒక ఇటుక పెట్టింది, తీసింది, వాలుగా పెట్టింది. మంట ఎంత బాగున్నా ఆమెకు మంట అక్కర్లేదు, పొగే కావాలి కనుక పచ్చి తాటాకులు తెచ్చి రాజేసేది. కొట్టం చుట్టూ తిరుగుతూ ఎక్కడ కారుతోందో చూసేది. కళ్ళు చింతనిప్పులయ్యాయి, చీరలన్నీ బ్యారన్ వాసన కొట్టాయి. ఆఖరికి ఒకరోజు పొగ మొత్తం వెనక గొట్టంలోంచి లేచి కొట్టం మీదుగా పోయింది.

అప్పుడు భీమక్కను పిలిచింది. భీమక్క పొయ్యిని ఒకసారి చుట్టి చూసి, మూల పడి ఉన్న నిలువు దుంగను తెచ్చి పొయ్యి నోట్లోకి తోయబోయింది. పట్టలేదు. గూడెంలో కట్టెలు చీల్చరు, దుంగను అలాగే పెట్టి కాలినకొద్దీ లోపలికి జరుపుతారు. జావ కుండ తెచ్చి పైన పెట్టింది, అదీ కూర్చోలేదు. సీతారావమ్మ తన ఇంటి గిన్నెలతో, తన ఇంటి చీలికలతో పరీక్షించుకుని మురిసిపోయింది మరి. సిగ్గుపడి నోరు వెడల్పు చేసింది, కుండ కూర్చునే మెడ పెద్దది చేసింది. వెడల్పు చేయగానే పొగ మళ్ళీ తిరిగొచ్చింది. మళ్ళీ మొదలు.

శివరాత్రి వెళ్ళాక భీమక్క ఇంట్లో పొయ్యి కట్టారు. జంపయ్య తడిక గోడకు కన్నం చేసి గొట్టం బయటికి పెట్టాడు. మొదటిసారి మంట పెట్టినప్పుడు ఇంట్లో పొగ లేదు. అక్కడున్నవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు, ఎందుకంటే ఆ ఇంట్లో పగలు వంటవేళ ఒకరి మొహం ఒకరికి అంత స్పష్టంగా కనపడడం అదే మొదలు. గూడెం వాళ్ళు గుంపులుగా వచ్చి చూసి పోయారు. పొయ్యి పైన, కప్పు కింద, వెదురు దండేనికి మొక్కజొన్న కంకులూ సొరకాయ బుర్రల్లో అనుములూ మసిబారి నల్లగా వేలాడుతున్నాయి. ఎలుకలకు అందకుండా అక్కడ కట్టారనుకుంది సీతారావమ్మ. ఇకమీదట మీ విత్తనాలకు మసి కూడా పట్టదు భీమక్కా అని, అదీ తన ఘనతేనన్నట్టు చెప్పింది. భీమక్క నవ్వింది.

రెండు నెలలకు దగ్గు కొంచెం నెమ్మదించింది. వేసవిలో జంపయ్యకు పెళ్ళి చేశారు. కోడలు నాగక్క, వాగు ఎగువ గూడెం పిల్ల. పెళ్ళికి వెళ్ళిన సీతారావమ్మను భీమక్క విత్తనాల పండుగకు కూడా రమ్మంది. తొలకరి ముందు గూడెమంతా కలిసి చేసుకునే పండుగ అది. ప్రతి ఇంటివాళ్ళూ తమ విత్తనం తలా కొంత తెచ్చి వేలుపు ముందు పోస్తారు. అన్నీ కలిపి మొక్కి, తిరిగి పంచుకున్నాకే ఎవరైనా చేలో గింజ వేసేది. కొత్త కోడలున్న ఇంటి విత్తనం ఆమె చేతుల మీదుగానే పోవాలి. అడిగి తెచ్చుకున్న గింజ ఆ రాశిలో పోయకూడదు. ఈ రెండూ ఆ గూడెం కట్టుబాట్లు.

పండుగ నాటి ఉదయం సీతారావమ్మ పసుపు రంగు చీర కట్టుకుని వాగు దాటింది. మనసులో గర్వం లేదంటే అబద్ధం. గూడెం చివర చెట్ల కింద అందరూ చేరారు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే చేటలతో వచ్చి గింజలు పోస్తున్నారు. నాగక్క అందరికంటే వెనక నిలబడింది. ఆమె చేతిలో చేట ఉంది కానీ అందులో ఏమీ లేదు. దాన్ని తొడకు ఆనించి బోర్లా పట్టుకుంది. పక్కన భీమక్క నేల చూస్తోంది.

ఏమైందో జంపయ్య చెప్పాడు. పొద్దున కంకులు దించి వొలిస్తే చేతిలోకి గింజ రాలేదు, పిండి రాలింది. ప్రతి గింజకూ కన్నం, ప్రతి కన్నంలో ముక్కుపురుగు. అనుములూ అంతే. తాతల నాటి నుంచి ఆ ఇంటి దండెం మీద విత్తనానికి పురుగు పట్టింది లేదు. సీతారావమ్మకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత ఆ దండెం, దానికి వేలాడిన మసి గుర్తొచ్చాయి. ఆ మసి ఆమె అనుకున్నట్టు మురికి కాదు. ఏళ్ళ తరబడి రోజూ వంట పొగ ఆ కంకుల మీదుగా పోతూ పురుగును దరి చేరనీయలేదు. ఆమె వచ్చి ఆ పొగను గోడలోంచి బయటికి తరిమేసింది.

పంపకం అయ్యాక గూడెం పెద్ద గంగయ్య తన వాటాలోంచి రెండు దోసిళ్ళు తీసి నాగక్క చేటలో పోశాడు. చేను బీడు పడకుండా అది చాలు. కానీ రాశిలో ఆ ఇంటి గింజ లేదన్నది అందరూ చూశారు. కొత్త కోడలి మొదటి పండుగ అలా అయింది. సీతారావమ్మ ఎవరితోనూ చెప్పకుండా వెళ్ళిపోయింది, వాగు దగ్గర కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

ఇంట్లో వెంకటరామారావు ఈసారి నవ్వలేదు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటే ఇదేనే, ఇక ఆ బురద పని మానెయ్ అన్నాడు. మానేద్దామనే అనుకుంది. కానీ రెండు రోజుల తర్వాత గూడెం వైపు వెళ్తే భీమక్క దడి బయట తన రేకు గొట్టం పడి ఉంది. లోపల పాత పొయ్యి రాళ్ళు మూడూ మళ్ళీ వెలిశాయి. ఇల్లంతా పొగ. ఆ పొగలోంచి దగ్గు. సీతారావమ్మ గడప దగ్గరే ఆగిపోయి, నీకు చెడు చేశాను, ఈ సంగతి నువ్వయినా ముందే ఎందుకు చెప్పలేదు భీమక్కా అంది.

"పొగ లేని ఇల్లు మేం ఎన్నడు చూసినమమ్మా? పొగ పోతే ఏం పోతదో మాకు మాత్రం ఏం ఎరుక?" అంది భీమక్క. "గాలి పోతే ఏమైతదో గాలి ఉన్నోనికి తెల్వదు గద."

కోపం లేదు ఆ గొంతులో. ఉంటే సీతారావమ్మకు తేలికయ్యేది. ఆమె లోపలికి వెళ్ళి భీమక్క పక్కన కూర్చుంది. ఈసారి ఏదీ చేయడానికి కాదు. ఇంతకుముందు ఎన్నో సార్లు ఆ ఇంటికి వచ్చింది, పొయ్యి కొలతలు తీసుకుంది, కానీ వంట మొదలుపెట్టినప్పటి నుంచి దించేదాకా అక్కడ కూర్చున్నది మాత్రం లేదు. ఆ రోజు కూర్చుంది. తర్వాతా వచ్చి కూర్చునేది. కళ్ళు కారుతుంటే కొంగుతో తుడుచుకుంటూ పొగనే చూసేది. రాళ్ళ మధ్య నుంచి లేచి, మనిషి మొహం దాకా అడ్డదిడ్డంగా తిరిగి, అక్కడి నుంచి నిటారుగా లేచి దండెం చుట్టూ కమ్ముకుని, గడ్డి కప్పులోంచి తీరిగ్గా జారిపోయేది. మనిషిని ఏడిపించేది పొయ్యికీ దండేనికీ మధ్య ఉన్న నిలువెత్తు దూరంలోనే. ఆ పైన అది చేసే పనంతా మంచిదే.

పొగను బయటికి పంపక్కర్లేదు, దండెం దాకా దారి చూపిస్తే చాలు. ఈ మాట తోచినప్పుడు ఆమె ఎగిరి గంతేయలేదు. భయపడింది. మళ్ళీ ఎవరి నోటి దగ్గర ముద్ద పోతుందోనని.

అందుకే ఈసారి మట్టి తవ్వే ముందు వెదురు బద్దలతో, తాటాకుతో మోకాలెత్తు ఇల్లు చేసి ఒక పక్క గోడ లేకుండా వదిలేసి భీమక్క ముందు పెట్టింది. పొయ్యి ఎక్కడుండాలో, దండెం ఎంత ఎత్తులో ఉండాలో నువ్వే పెట్టు అంది. భీమక్క మొదట పిల్లలాటలా ఉందని సిగ్గుపడింది. నాగక్క మాత్రం చటుక్కున కూర్చుని, తాటాకు దండేనికి చింతగింజలు కట్టి, పొయ్యిని గుమ్మానికి ఎడమ పక్కకు జరిపింది. ఎందుకని అడిగితే, ఈదురుగాలి కుడి పక్క నుంచి కొడతదని చెప్పింది. అత్తాకోడళ్ళిద్దరూ కోయలో వాదించుకున్నారు. వాళ్ళు పొయ్యిని జరిపిన ప్రతిసారీ సీతారావమ్మ ఎందుకని అడిగేది. చెప్పమని అడగడం ఆమెకు పుట్టుకతో వచ్చిందే, చెప్పింది పూర్తయ్యేదాకా నోరు మూసుకోవడం మాత్రం అప్పుడే నేర్చుకుంది.

రేకు గొట్టం ఖరీదు, పైగా తుప్పు. కుమ్మరి దగ్గర మూల పడ్డ కుండలు తెచ్చి, అడుగులు పగలగొట్టి, ఒకదాని మీద ఒకటి బోర్లించి మట్టితో అతికితే గొట్టమైంది. దాన్ని దండెం కింద దాకా లేపి ఆపేయాలన్నది ఆలోచన. అది మొదట కట్టింది భీమక్క ఇంట్లో కాదు. జంపయ్య చేలో కావలి గుడిసె ఉంది. కంకి పట్టేదాకా ఖాళీ. కాలితే కాలనీ, మళ్ళీ కప్పుకుంటామన్నాడు అతను. దండేనికి విత్తనం కట్టలేదు, విత్తనానికి పనికిరాని నాసి కంకులు కట్టారు. వాటి పక్కన పురుగు పట్టిన కంకులు కొన్ని కావాలనే కట్టారు. పోయినా ఎవరూ ఏడవనక్కర్లేని వాటినే పరీక్షకు పెట్టాలని సీతారావమ్మ పట్టుబట్టింది. ఆ పట్టు ఆమెకు నాగక్క ఖాళీ చేట నేర్పింది.

మొదటి రోజే కింది కంకులు వేగి పేలాలయ్యాయి. ముగ్గురాడవాళ్ళూ పడీ పడీ నవ్వి, వాటిని ఒలుచుకు తిన్నారు. గొట్టాన్ని మూరెడు తగ్గించారు. తర్వాత నిప్పురవ్వలు లేచి కప్పు గడ్డి అంటుకోబోయింది. జంపయ్య నీళ్ళు చల్లి ఆర్పాడు. అదే భీమక్క ఇంట్లో జరిగి ఉంటే అనుకుంటూ సీతారావమ్మ తడిసిన కప్పును ఇంకోసారి తడిమి చూసింది. గొట్టం మూతికి కన్నాలు పొడిచిన మూకుడు బోర్లించమని భీమక్క చెప్పింది. పొగ ఆగలేదు, రవ్వలు ఆగాయి. వానలు వెళ్ళేదాకా వంట ఆ గుడిసెలోనే చేసుకున్నారు. పురుగు పట్టిన కంకుల్లోంచి పురుగు పక్కవాటికి పాకలేదు.

కొత్త కంకులు ఇంటికొచ్చే వేళకు ఆ పొయ్యి భీమక్క ఇంట్లో లేచింది. అప్పుడు కూడా భీమక్క విత్తనమంతా అక్కడ కట్టలేదు. సగం గంగయ్య ఇంటి పాత దండేనికి కట్టించింది. ఆ సంగతి తెలిసి సీతారావమ్మ మనసు ఒకింత చివుక్కుమంది, తర్వాత ఎంతో నెమ్మదించింది. తనకంటే భీమక్కే బాగా నేర్చుకుందనుకుంది.

మరుసటి తొలకరికి నాగక్క చేట నిండా గింజలతో నడిచింది. కడుపుతో ఉంది, అయిదో నెల. గంగయ్య ఇంటి కంకులూ ఈ ఇంటి కంకులూ కలిపి ఒలిస్తే ఏది ఏదో ఎవరూ పోల్చలేకపోయారు. రాశిలో గింజలు పడ్డ చప్పుడుకు సీతారావమ్మ కళ్ళు మూసుకుంది.

పండుగయ్యాక భీమక్క ఇంట్లో కూర్చున్నారు. నాగక్క పొయ్యి ముందు జావ కలుపుతోంది. పొగ ఆమె తల దాటి కుండల గొట్టంలోంచి దండెం చేరుకుంటోంది. సీతారావమ్మ చెవులు మాత్రం భీమక్క వైపే ఉన్నాయి. ఆ ఏడాదిగా ఎప్పుడు వచ్చినా ఆమె చెవి పెట్టేది ఆ దగ్గుకే. భీమక్క దగ్గింది. గోడకు ఆనుకుని, వంగి, చాలాసేపు దగ్గింది. సీతారావమ్మ మొహం వాడిపోయింది. పొగ పక్కకు పోయినా దగ్గు పోలేదు భీమక్కా, నీ కోసం మొదలుపెట్టిన పని నీకే అక్కరకు రాలేదు, ఇంకేం మార్చాలో నాకు తోచట్లేదు అంది.

భీమక్క ఊపిరి కుదుటపడేదాకా ఆగింది.

"నాది పాతదమ్మా. నా ఎంబడే పోతది," అంది. "మా అమ్మ గిట్లనే దగ్గింది, మా అత్త గిట్లనే దగ్గింది. గీ ఇంట్ల కోడలు దగ్గకుంట జావ కాసుడు నేనిప్పుడే చూస్తున్న."

నాగక్క వెనక్కి తిరిగి, జావ అయింది, పోయనా అని అడిగింది. ఆమె కళ్ళు తేటగా ఉన్నాయి. సీతారావమ్మ అవునన్నట్టు తలూపింది. భీమక్క చెయ్యి తన చేతిలోకి తీసుకుని, జావ ముంత వచ్చేదాకా అలాగే పట్టుకుని కూర్చుంది.